రొట్టెలవాడి భార్య

జాబ్రియాలో మూడో వీధి. మేడమీది గదికి తాళం లేదు,
అడుగు పెట్టడానికి చోటూ లేదు.
నేలంతా కాగితాలు.
మామా అని పిలుస్తాను, నాకన్నా రెండేళ్లు చిన్నది.
బదరియా. యూనివర్సిటీలో పెద్ద పంతులమ్మ.
నాలుగొందల ఏళ్ల కిందటి జర్మనీ ఊరొకదాన్ని
పదకొండేళ్లుగా తవ్వుతోంది
భూతద్దంతో.

ఆ ఊరు నూరేళ్లలో ఐదుసార్లు మతం మారిందట.
రాజు పోతే కొత్త రాజు, ఆయనతో కొత్త ప్రార్థన.
గుళ్లో బొమ్మలు దించడం, మళ్లీ ఎక్కించడం,
మళ్లీ దించి గోడకి సున్నం కొట్టడం.
"జనం ఏమన్నారు?"
సగం అరబ్బీ, సగం హిందీలో అడిగాను.
"అదే దొరకట్లేదు" అంది.

నిన్న తోజు లేచింది.
మూసిన కిటికీల సందుల్లోంచి
జల్లెడ పట్టిన పిండిలా దిగింది ఎడారి.
పిల్లల రంగుల కుంచె ఒకటి చేతికిచ్చి
ఒక్కో కాగితం దులపమంది, వరస తప్పకుండా.
ముళ్లకంపలాంటి అక్షరాలు.
రెండు చోట్ల మాత్రం ఎర్రగీత.

"ఇదీ అదీ ఒక్క మనిషే. రొట్టెలవాడి భార్య.
పాత గుడి పుస్తకంలో ఒక పేరు,
కొత్త గుడి పుస్తకంలో ఇంకొకటి.
ఏది నిజమని ముగ్గురు పండితులు
పేజీల అడుగున చిన్నక్షరాల్లో కొట్టుకుంటున్నారు.
ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఆమె ఎవరు?"

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను.
"గింజలు ఏ పుస్తకం చూసి కొలిచారు?
ముందది చెప్పు మామా."

ఆవిడ పెన్సిల్ ఆగింది.
ఇక దాచడమెందుకని చెప్పేశాను.
రేషన్ కార్డులో నేను నూకరత్నం.
శుక్రవారం (ఇక్కడ ఆదివారం శుక్రవారం నాడే వస్తుంది)
సిటీలో చర్చి కాంపౌండులో, మలయాళీల గది పక్కన
మా లూథరన్ సంఘంలో షూలమీతు.
తాసీల్దారు ఆఫీసుకి వెళ్లే రోజు
మా అమ్మ మెళ్లో సిలువ తీసి చెంగున ముడేసేది.
బొట్టు పెట్టుకునేది, అలవాటు లేని వేలితో, వంకరగా.
తిరిగొస్తూ లాకుల దగ్గర కాలవలో కడుక్కునేది.
ఆ కాగితం మీదే తమ్ముడు చదివాడు, మేష్టరయ్యాడు.
ఇక ఇక్కడి బతాకా మీద మూడో పేరు, అరబ్బీలో.
దాన్నెలా పలకాలో నాకే తెలీదు.

చాలాసేపు ఊరుకుంది.
లేచి, అడుగు సొరుగు లాగింది.
ఒక కార్డు. మూలలు కాలి ఉన్నాయి.
"అప్పటికి నాకు పదిహేడు. ఆ ఏడు నెలలు
మా దేశానికి పేరు లేదు.
ఈ కార్డు తీసుకుంటేనే పిండి.
నాన్న వెళ్లి క్యూలో నిలబడ్డాడు. అన్న ఛీ అన్నాడు.
అన్న తిరిగి రాలేదు. ఆయన పేరు ఓ స్కూలుకి పెట్టారు.
నాన్న తెచ్చిన పిండి తిని మేం ఆరుగురం బతికాం,
ఆ మాట ఎక్కడా లేదు."

"మరి దీని గురించి రాయవేం?"

"జర్మనీ దూరం" అంది. "చెయ్యి వణకదు."

మార్చిలో పుస్తకం అచ్చుకి వెళ్తుందట.
పేజీ అడుగున, చిన్నక్షరాల్లో,
గింజల మాట నాదేనని రాస్తానంది.
"ఏ పేరు వెయ్యను?"

రేపు చెప్తానన్నాను.
ఇస్త్రీ చేస్తూ ఆలోచించాను. పద్నాలుగు దిష్‌దాషాలు.
పదకొండోదాని కాలరు మాడింది.
షూలమీతు అంటే, ఎవడో చదివి
తమ్ముడి మీద అర్జీ పెట్టొచ్చు.
నూకరత్నం అంటే, అమ్మ సమాధి మీది వాక్యం
నా వంక చూస్తుంది.
మూడోది నాది కానే కాదు.

పొద్దున మళ్లీ తోజు.
కుంచె పట్టుకుని నేలమీద కూర్చున్నాను.
రొట్టెలవాడి భార్య దగ్గరికొచ్చేసరికి
కుంచె పక్కన పెట్టి, వంగి,
రెండు పేర్ల మీదా ఒక్కలాగే ఊదాను.
గుమ్మంలో కాఫీ కప్పుతో మామా.
ఏమీ అడగలేదు.